గుమ్మడికాయ వెనక గుర్తు

అనకాపల్లిలో భూకంపం అంటే ఎప్పుడూ పరాయి ఊరి సంగతే. టీవీలో చూస్తారు, అయ్యో పాపం అంటారు, చెయ్యి కడుక్కుని లేస్తారు. తుఫాన్లు మనవి, శారదా నది వరద మనది, ఎండాకాలం ఉక్కపోత మనది. ఇన్ని ఇచ్చిన దేవుడు భూకంపం కూడా ఇచ్చేంత దుర్మార్గుడు కాడని ఊరికి ఒక ధీమా.

అందుకే ఆ మాఘమాసం పొద్దున్న శ్రీదేవి టిఫిన్ హోటల్లో స్టీలు గ్లాసులు వాటంతటవే గలగలమంటే ఎవరూ లేవలేదు. గూడ్సు బండి వెళ్తోందనుకుని ఇడ్లీలు తుంచుకున్నారు. పై అంతస్తుల వాళ్లు పిల్లల్ని చంకనేసుకుని దిగి వచ్చి, మంచాలు జరిగాయని, ఫ్యాన్లు ఊగాయని చెప్పాక అప్పుడు అందరూ ఒక్కసారిగా రోడ్డు మీద పడ్డారు, చేతుల్లో ప్లేట్లు అలాగే పట్టుకుని. శ్రీదేవి మాత్రం పెనం దగ్గర నుంచి కదల్లేదు, దోసె మాడిపోతుందని. ఆమె మొగుడు ఎర్రిబాబు గల్లాపెట్టె దగ్గర నుంచి కదల్లేదు, బిల్లు ఇవ్వకుండా ఎవడు జారుకుంటాడోనని. కాసేపటికి జనం నవ్వుకుంటూ లోపలికొచ్చి మళ్లీ చట్నీ వేయించుకున్నారు.

నవ్వు రానిది ఒక్క లక్ష్మీకుమారికే.

కుమారి శ్రీదేవి చెల్లెలు. కశింకోట దాటాక ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెబుతుంది. తల్లి పోయేనాటికి ఆమె ఇంకా జడ వేసుకోవడం రాని పిల్ల. అక్కే జడ వేసింది, అక్కే చదివించింది. కుమారి పాసైన ప్రతి పరీక్ష వెనకా అక్క చేతి మీద నూనె చింది కాలిన మచ్చ ఒకటి ఉంది. ఆ అక్క ఉండేది ధనరాజ్ బిల్డింగులో. కింద హోటలు, దాని మీద ఇల్లు, ఆ పైన రెండంతస్తుల అద్దెవాళ్లు. ఆ బిల్డింగుకి కాళ్లు సరిగ్గా లేవన్న సంగతి కుమారికి తెలుసు. తెలిసిన దగ్గర నుంచీ అక్క ఇంట్లో అన్నం ముద్ద గొంతు దిగేది కాదు.

ఆ కాళ్లు తీయించింది ఎవరో కాదు, ఎర్రిబాబే. హోటలు పెట్టిన కొత్తలో హాలు మధ్య రెండు పిల్లర్లు అడ్డమొచ్చి బల్లలు పట్టలేదు. ఓనరు ధనరాజ్‌ని అడిగితే ఆయన మేస్త్రీని పంపించి ఆ రెండింటినీ కొట్టించేసి, పైన ఒక ఇనప గర్డరు వేయించాడు. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు, కట్టిన ఇంటి కాళ్లు నరికి చూడమని ఎవరూ అనలేదు. పైన మూడంతస్తులూ గోడలతో పెట్టెల్లాగా బిర్రుగా ఉన్నాయి. కింద అంతస్తు మాత్రం షట్టర్లు, బల్లలు, ఖాళీ. భూమి ఊగితే పైనదంతా ఒక్క ముద్దగా నిలబడుతుంది, కిందదొక్కటే పక్కకి వంగుతుంది. వంగి మళ్లీ లేస్తుందా లేదా అన్నదే ప్రశ్న.

“పిల్లర్లు తీసీసేం గానీ గర్డరు ఏసేం కదే,” అనేవాడు ఎర్రిబాబు, మరదలు ఎప్పుడు ఆ మాట ఎత్తినా. “ఇన్నేళ్లయింది, ఒక్క బీట ఒచ్చిందేటి? నీ పుత్తకాల్లో ఉన్నట్టు ఊల్లో ఏ ఇల్లూ ఉండదు.”

ఆ చివరి మాట నిజమే. కుమారికి భయం కూడా అదే.

ఆ పొద్దున్న గ్లాసులు గలగలమన్నాక ఆమె రోడ్డు దాటి బంగారయ్య బెల్లం కొట్టుకి వెళ్లింది. దిమ్మలు ఎత్తుకుపోకుండా బంగారయ్య కొట్టు చూరుకి ఒక కెమెరా పెట్టించుకున్నాడు. అది దిమ్మల్ని చూసేది తక్కువ, ఎదురుగా ఉన్న ధనరాజ్ బిల్డింగుని చూసేది ఎక్కువ. కుమారికి కావలసింది సరిగ్గా అదే.

“దొంగలెవరూ రాలేదు కదమ్మా ఈ రోజు?” అన్నాడు బంగారయ్య.

“దొంగల కోసం కాదు మావా. మా అక్క బిల్డింగు ఎంత ఊగిందో సూడాలి.”

“ఊగితే మనకి కనపడదేటి?”

“కనపడనంత ఊగినా కెమెరాకి కనపడతాది.”

ఆ మాటలో గొప్ప ఏమీ లేదు. భూకంపం వచ్చినప్పుడు బిల్డింగు ఎంత ఊగిందో కొలవడానికి ఖరీదైన యంత్రాలున్నాయి గానీ, వాటిని ఇంటింటికీ ఎవడు పెడతాడు? మామూలు కెమెరాలైతే సందుకొకటి ఉన్నాయి. వీడియోలో బొమ్మ అంటే సన్నటి చుక్కల ముగ్గు. గోడ మీది ఒక మచ్చ ఈ బొమ్మలో ఎక్కడుంది, తరవాతి బొమ్మలో ఎక్కడికి జరిగింది అని వరసగా చూసుకుంటూ పోతే, గోడ ఎటు ఎంత కదిలిందో లెక్క తేలుతుంది. ఆ లెక్క చేసే ప్రోగ్రాము కుమారి లాప్‌టాప్‌లో ఉంది. సాయంత్రానికి లెక్క తేలింది. షట్టరు పైన ఉన్న బోర్డు బాగా పక్కకి జరిగి వెనక్కి వచ్చింది. అంత చిన్న వణుకుకే అంత జరగకూడదు.

మర్నాడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లింది. అక్కడి ఇంజినీరు మంచివాడే. కుర్చీ వేయించాడు, వీడియో రెండుసార్లు చూశాడు, తరవాత ఒక్క మాట అడిగాడు.

“ఈ కెమెరా ఎక్కడ పెట్టారు మేడమ్?”

“బెల్లం కొట్టు చూరుకి.”

“రేకుల షెడ్డు కదా అది. వెదురు దూలాలు. మరి ఊగింది బిల్డింగా, కెమెరానా?”

కుమారి లాప్‌టాప్ మూసేసింది. తను క్లాసులో పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న అది. ఎవరో ఎగతాళి చేస్తే కోపమైనా తెచ్చుకోవచ్చు, న్యాయమైన ప్రశ్న అడిగితే ఏం చేస్తాం. తల దించుకుని వచ్చేసింది.

అయితే ఆ రాత్రి భోజనాల దగ్గర ఒక మంచి జరిగింది. రెండో అంతస్తు అద్దెవాళ్లు భయపడి వేరే ఇల్లు చూసుకుంటున్నారని తెలిసి ఎర్రిబాబు కూడా కాస్త మెత్తబడ్డాడు. తుమ్మపాల రోడ్డులో ఒక రేకుల షెడ్డు ఖాళీగా ఉందని ఎవరో చెప్పారట.

“సూడు కుమారీ,” అన్నాడు మజ్జిగ కలుపుకుంటూ. “నీ మాట కాదంటే మీ అక్క నా పీక నొక్కుద్ది. ఆ ఇంజినీరు నోటితో ఒక్కసారి అనిపించు, ఈ బిల్డింగు పనికిరాదని. ఆ రోజే కాళీ సేసెత్తాను. ఒట్టు.”

ఎర్రిబాబు ఒట్టు వేసిన మాట తప్పే మనిషి కాదు. అదే ఆశ. కుమారికి ఆ తరవాత మిగిలిన ఆశ కూడా అదొక్కటే.

ఈసారి తప్పు లేకుండా చెయ్యాలనుకుంది. బంగారయ్యని బతిమాలి, కొట్టు ముందు ఖాళీ జాగాలో లోతుగా గొయ్యి తీయించి సిమెంటు స్తంభం పాతించింది. దాని మీద కొత్త కెమెరా. మామూలుదే, ఎలక్ట్రికల్ షాపులో దొరికేది. రాత్రీ పగలూ ఆగకుండా రికార్డు అవుతుంది, చూడాలంటే మాత్రం దగ్గరికొచ్చి ఫోనుకి కలుపుకోవాలి. ఇక బిల్డింగు మీద రెండు గుర్తులు కావాలి. నలుపు తెలుపు గళ్ల గుర్తులు, చదరంగం బల్లలాగా, కెమెరాకి కొట్టొచ్చినట్టు కనపడేవి. ఒకటి కింద మెట్ల పక్కన, రెండోది షట్టరు పైన స్లాబు అంచుకి. కెమెరా కదిలినా రెండు గుర్తులూ కలిసే కదులుతాయి. పైది ఒక్కటే కదిలితే ఆ తేడా బిల్డింగుది. అప్పుడు ఏ ఇంజినీరూ ఏ ప్రశ్నా అడగలేడు.

ధనరాజ్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

“పెయింటు ఏత్తానంటే ఒప్పుకోనమ్మా. బిల్డింగుకి సెడ్డ పేరొత్తాది. స్టిక్కరైతే అంటించుకో. రేపు పీకీయొచ్చు.”

స్టిక్కర్లే అంటించింది. పైది అంటించి స్టూలు మీద నుంచి దిగుతుంటే, చెమట కళ్లలోకి కారుతుంటే, శ్రీదేవి వచ్చి కింద నిలబడింది.

“ఏటే ఇది, గోడకి సదరంగం అంటించేవు?”

కుమారికి ఓపిక లేదు. ఇంతసేపూ ధనరాజ్‌తో వాదించి గొంతు ఎండిపోయింది. వివరంగా చెబితే పోయేదేమీ లేదు గానీ చెప్పలేదు. పై గుర్తు మీద వేలు పెట్టి, “ఇదిగో, ఇక్కడే అక్కా అసలు పెమాదం. ఇది కదిలిందంటే మన పనైపోయినట్టే,” అంది.

శ్రీదేవి ఆ నలుపు తెలుపు గళ్ల వంక చాలాసేపు చూసింది. చూసి, చేతులు చీర కొంగుకి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇక ఎదురుచూడటమే పని. బెల్లం కొట్టు ముందు కెమెరా పెడితే ఏమవుతుందో చదువుకున్న చదువులో ఎక్కడా లేదు. అద్దం మీద ఈగలు. పొద్దున్నే కాలేజీకి వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చాక ఒకసారి తడిగుడ్డతో తుడిచేది. “నీ కెమెరాకి బెల్లం పిచ్చి పట్టిందమ్మా,” అని బంగారయ్య నవ్వేవాడు. కుమారి కూడా నవ్వేది. లోపల మాత్రం వేరే పురుగు తొలిచేది. ఈ కెమెరాకి పని పడాలంటే ఇంకోసారి భూమి కదలాలి. అంటే అక్క నెత్తిన ఉన్న ఆ మూడంతస్తులూ ఇంకోసారి ఊగాలి. దాని కోసమే కదా తను కూర్చున్నది?

కొత్త అమావాస్య జాతరకి నూకాలమ్మ గుడి దగ్గర జనంలో నలిగిపోతూ, చేతిలో కొబ్బరికాయతో నిలబడి, కుమారి మొక్కుకుంది. తల్లీ, ఇంకోసారి కదిలించు. కొంచెమే. గ్లాసులు మోగేటంత, పళ్లెం కింద పడేటంత. అంతకి మించొద్దు. మొక్కుకున్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అమ్మవారికి ఎన్ని వేల మొక్కులు వచ్చి ఉంటాయో, అక్క ఇల్లు ఊగాలని మొక్కిన చెల్లెలు మాత్రం ఇదొక్కతే అయి ఉంటుంది. కళ్లు తుడుచుకుని, కొబ్బరి చిప్ప పట్టుకుని బయటికొచ్చింది.

అమ్మవారు విన్నది. వినకపోయినా బాగుండును.

వైశాఖంలో పరీక్ష పేపర్లు దిద్దడానికి కాలేజీ వాళ్లు కుమారిని విశాఖపట్నం పంపించారు. వారం రోజుల పైనే పని. అద్దం తుడిచే పని బంగారయ్యకి అప్పజెప్పి వెళ్లింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, దిద్దుతున్న పేపరు మీద ఎర్ర సిరా గీత వంకరపోయింది. తన చెయ్యే వణికిందనుకుంది మొదట. తరవాత మొత్తం హాలు లేచింది. కుర్చీలు పడ్డాయి, అందరూ తలుపు వైపు తోసుకున్నారు. మాఘమాసం నాటి వణుకు దీని ముందు లెక్కే కాదు.

మైదానంలో నిలబడి అక్కకి ఫోను చేసింది. ఎత్తలేదు. బావకి చేసింది. ఎత్తలేదు. ఎత్తని ప్రతిసారీ ఆమెకి నూకాలమ్మ గుడిలో కొబ్బరికాయ పట్టుకున్న తన చెయ్యి కనిపించింది. బస్సు ఎలా ఎక్కిందో, ఎక్కడ దిగిందో, షేరాటోలో ఎవరి ఒళ్లో కూర్చుందో ఆమెకి తెలియదు. బెల్లం మార్కెట్ మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా జనం. జనాన్ని తోసుకుంటూ ముందుకి పరిగెత్తింది.

బిల్డింగు నిలబడే ఉంది.

జనం ఏడవడం లేదు. నవ్వుతున్నారు. పై అంతస్తుల వాళ్లు, బంగారయ్య, ధనరాజ్, టీ తాగడానికొచ్చిన ఆటోవాళ్లు అందరూ హోటలు మెట్ల చుట్టూ మూగి ఉన్నారు. మెట్ల మీద పెద్ద బూడిద గుమ్మడికాయ ఒకటి పగిలి పడి ఉంది. తెల్లటి గుజ్జు, గింజలు, పసుపు, కుంకుమ. పక్కన శ్రీదేవి చీపురు పట్టుకుని నిలబడి ఉంది, పెళ్లివారిని సాగనంపిన ఇల్లాలి మొహంతో.

కుమారి పోయి అక్కని కౌగలించుకుని ఏడ్చేసింది.

“ఓలమ్మో, ఏటైందే గుంటా? మేం బాగున్నాం కదే. ఫోను లోపలుండిపోయింది.” శ్రీదేవి చెల్లెలి వీపు నిమిరింది. “ఇదిగో, ఈ గుమ్మడికాయే మనల్ని కాసింది. అంత ఊపు ఊగింది, ఒక్క ఇటిక రాల్లేదు. ఇది మాత్రం పడి పగిలిపోయింది.”

“గండం అది తీసుకుపోయింది,” అన్నాడు బంగారయ్య. అందరూ తలలూపారు. ఇంటి ముందు కట్టిన గుమ్మడికాయ తనంతట తాను పగిలితే ఇంటికి రావలసిన కీడు అది మోసినట్టు. ఆ లెక్క ఆ ఊళ్లో ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. రెండో అంతస్తు వాళ్ల ఆవిడైతే, “మేం ఇంక కాళీ సెయ్యం శ్రీదేవక్కా. ఇంత కాపుదల ఉన్న ఇల్లు ఇంకెక్కడ దొరుకుద్ది?” అని అక్కడికక్కడే చెప్పేసింది. ధనరాజ్ మొహం వెలిగిపోయింది.

కుమారి కళ్లు తుడుచుకుని తలెత్తి చూసింది. బాల్కనీ కొక్కేనికి తెగిన ఉట్టి తాడు వేలాడుతోంది. ఆ తాడు కింద, నలుపు తెలుపు గళ్లు.

“అక్కా, దీన్ని ఎక్కడ కట్టేవు?”

“ఎక్కడేటి, నువ్వు గుర్తెట్టిన కాడే. అక్కడే పెమాదం అన్నావు కదా. ఎక్కడ పెమాదమో తెలిసాక అక్కడ కట్టకుండా ఇంకెక్కడ కడతారు?” శ్రీదేవి గొంతులో గర్వం ఉంది. “నువ్వు ఎల్లిన మర్నాడే పంతుల్ని పిలిసి, పూజ సేయించి మరీ కట్టించేను. సరిగ్గా నీ గుర్తు మీదికి వచ్చీలాగ.”

బంగారయ్య కొట్టులో, బెల్లం దిమ్మల మధ్య స్టూలు వేసుకుని కుమారి వీడియో చూసింది. అద్దం శుభ్రంగా ఉంది, పాపం రోజూ తుడిచినట్టున్నాడు. కింద గుర్తు స్పష్టంగా ఉంది. పై గుర్తు ఉండాల్సిన చోట గుమ్మడికాయ. మొదట సన్నగా ఊగింది. తరవాత ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, కుంకుమ బొట్లతో, జాతరలో ఉయ్యాల ఎక్కిన పిల్లలాగా హాయిగా ఊగింది. వెనక బిల్డింగు ఏం చేసిందో దేవుడికి తెలియాలి. ఊగి ఊగి గోడకి కొట్టుకుంది, ఇంకోసారి కొట్టుకుంది, తాడు తెగి పడిపోయింది. పడ్డాక గళ్లు బయటపడ్డాయి. అప్పటికి భూమి ఆగిపోయింది.

ఆగిపోయిన ఆ బొమ్మని ఆమె గుమ్మడికాయ కట్టక ముందటి బొమ్మ పక్కన పెట్టి కొలిచింది. మళ్లీ కొలిచింది. కింద గుర్తు ఉన్న చోటే ఉంది. పై గుర్తు పక్కకి జరిగి అక్కడే ఉండిపోయింది. ఎంతో కాదు, రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. ఊగిన ఇల్లు తిరిగి వచ్చి తన చోట నిలబడితే భయం లేదు. ఈ ఇల్లు తిరిగి రాలేదు. వంగిన కాళ్లు వంగినట్టే ఉండిపోయాయి.

మర్నాడు ఆఫీసులో ఇంజినీరు మళ్లీ కుర్చీ వేయించాడు. ఈసారి చాలాసేపు చూశాడు. ఆయన మొహంలో కూడా కంగారు కనిపించింది.

“ఊగుతున్నప్పుడు కొలత ఒక్కటీ లేదా మేడమ్?”

“లేదండి. గుమ్మడికాయ అడ్డమొచ్చింది.”

“అయ్యో. అదుంటే ఇంక మాట్లాడేది లేదు.” ఆయన వీడియో వెనక్కి తిప్పాడు. “ఇది చూడండి. గుమ్మడికాయ రెండుసార్లు స్టిక్కరుకే కొట్టుకుంది. స్టిక్కర్ని అదే పక్కకి తోసి ఉండొచ్చు కదా? బిల్డింగు జరిగిందా, స్టిక్కరు జరిగిందా? ఇది పెట్టుకుని నేను నాలుగు కుటుంబాల్ని రోడ్డు మీదికి పంపితే, ఓనరు కోర్టుకెళ్తే, నేనేం చెప్పను?”

కుమారి స్టిక్కరుని తడిమి చూసే వచ్చింది. మండే ఎండకి గమ్ము మెత్తబడి ఉంది. తోస్తే కదులుతుందేమో కూడా. కదల్లేదని ఆమెకి తెలుసు. తెలియడం వేరు, చూపించడం వేరు. గర్డరు చివర, అది ఆనిన పిల్లరు మీద వెంట్రుకలాంటి బీట ఒకటి ఉందని చెప్పింది. ఊళ్లో బీటలు లేని గోడ చూపించమన్నాడాయన. కసురుకోలేదు, మెల్లగానే అన్నాడు. మెట్లు దిగుతుంటే ఆమెకి ఎవరి మీదా కోపం రాలేదు. కోపం వస్తే ఎంత బాగుండునో అనిపించింది.

మధ్యాహ్నం హోటలు కట్టేసే వేళకి వచ్చింది. ఎర్రిబాబు బల్లల మీదికి కుర్చీలు ఎక్కిస్తున్నాడు. మరదలి మొహం చూసే విషయం అర్థమైపోయింది.

“అనలేదు కదా,” అన్నాడు.

“అనలేదు బావా.”

“నేను ముందే సెప్పేను. ఇంత పెద్ద ఊపుకే పడనిది ఇంక పడుద్దేటి? గండం గడిసిపోయింది. నువ్వు కూడా ఆ కెమెరా తీసీసి పడుకో, కళ్లు సూడు ఎలా అయిపోయేయో.” ఎగతాళిగా అనలేదు, ప్రేమగానే అన్నాడు. అని పైకి వెళ్లిపోయాడు.

శ్రీదేవి రుబ్బుడు యంత్రం కడుగుతోంది. కుమారి ఆమె పక్కన నేల మీద కూలబడి మొత్తం చెప్పింది. రూపాయి బిళ్లల మందం, తిరిగి రాని గోడ, ఇంకోసారి ఇదే ఊపు వస్తే ఏమవుతుందో.

“నువ్వైనా నమ్మవే అక్కా. గుమ్మడికాయ ఏదీ ఆపలేదు. ఆపిందల్లా నా కెమెరాని.”

శ్రీదేవి నీళ్లు పారబోసి, చేతులు తుడుచుకుని చెల్లెలి ఎదురుగా కూర్చుంది.

“నేను నమ్మలేదని ఎవులన్నారే?” అంది. “నమ్మబట్టే కదా కట్టించేను. ఆ రోజు నువ్వు గోడ మీద ఏలెట్టి సూపించేవు సూడు, ఆ రాత్రి నుంచి నాకు నిద్దర లేదు. మీ బావ గురక పెడతాడు, నేను గోడ కాడ సెయ్యేసుకుని పడుకుంటాను. కదిలితే తెలుత్తాదని.”

కుమారి అక్క చెయ్యి పట్టుకుంది.

“మరి ఎల్పోదాం అక్కా. ఆ తుమ్మపాల రోడ్డు షెడ్డు...”

“అది ఎవులో తీసుకున్నారంట. ఇంకోటి దొరుకుద్ది, కాదన్ను. మీ బావ రాడు. ఆ పిల్లర్లు కొట్టించింది తనే కదే. ఈ ఇల్లు మంచిది కాదని ఒప్పుకుంటే, పైనున్న పిల్లలందరి మీదా ఇన్నాళ్లూ కత్తి ఏలాడదీసింది తనేనని ఒప్పుకోవాలి. ఆ ఇంజినీరు సెప్తే తప్పక ఒప్పుకునేవోడు. ఇప్పుడు గుమ్మడికాయ గండం తీసుకుపోయిందంటన్నారు కదా, ఆ మాటే పట్టుకున్నాడు. దాన్ని నేను ఎలా లాగీనే? మొగుడ్ని వదిలీసి నేనొక్కదాన్నీ ఎక్కడికెల్తాను? నువ్వే సెప్పు.”

కుమారి అక్క చేతి మీది కాలిన మచ్చల వంక చూసింది. అక్క అమాయకురాలనుకుంది ఇన్నాళ్లూ. అక్కకి అన్నీ తెలుసు. తెలిసే పెనం ముందు నిలబడుతోంది, తెలిసే ఆ ఇంట్లో దుప్పటి కప్పుకుంటోంది. ఆమె చేతిలో ఉన్నది ఒక గుమ్మడికాయ, అది కట్టింది. తన చేతిలో ఉన్నది ఒక కెమెరా, అది పెట్టింది. రెండింటిలో ఏదీ ఒక్క పిల్లరు కాలేకపోయింది.

ఆదివారం శ్రీదేవి కొత్త గుమ్మడికాయ కొనుక్కొచ్చింది. ఈసారి ఇంకా పెద్దది. అద్దెవాళ్లే తలా కాస్త వేసుకున్నారట. పంతులు పూజ చేసి వెళ్లాక, పసుపు రాసిన కాయని కొత్త ఉట్టిలో పెట్టి శ్రీదేవి స్టూలు ఎక్కింది. ఎక్కి, రోడ్డుకి అవతల స్తంభం దగ్గర ఈగలు తోలుతున్న చెల్లెల్ని కేకేసింది.

“ఒలే కుమారీ! ఈసారి నీ గుర్తుకి అడ్డం రాకుండా కడతాను. ఎక్కడ కట్టాలో నువ్వే సెప్పు!”

కుమారి గుడ్డ పక్కన పెట్టింది. మెట్ల మీద చేరిన పై అంతస్తు పిల్లలు తలెత్తి గుమ్మడికాయని చూస్తున్నారు. ఎర్రిబాబు స్టూలు కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. పాతది పీకి కొత్త స్టిక్కరు ఆమె పొద్దున్నే అంటించింది, నాలుగు పక్కలా సన్న మేకులు కూడా కొట్టింది. ధనరాజ్ ఈసారి ఏమీ అనలేదు. గండం గడిచిన ఇంటికి మేకులు ఒక లెక్కా?

ఆమె ఫోనులో కెమెరా బొమ్మ తెరిచి చూసుకుంటూ చెయ్యి ఎత్తింది.

“ఇంకొంచెం ఎడం పక్కకి అక్కా. ఇంకా. ఇంకొంచెం.”

శ్రీదేవి తాడు జరిపింది. గుమ్మడికాయ బొమ్మ అంచుకి వెళ్లిపోయింది. నలుపు తెలుపు గళ్లు నాలుగు మూలలా తేటగా కనిపిస్తున్నాయి. వాటి వెనక గర్డరు, దాని మీద మూడంతస్తులు, బాల్కనీలో ఆరేసిన అక్క చీర. ఇప్పుడు దేనికీ ఏదీ అడ్డం లేదు. మళ్లీ భూమి కదిలిన రోజున ఈ ఇల్లు ఎటు వంగిందో, ఎంతసేపు ఆగిందో, ఎలా కూలిందో మొదటి నుంచి చివరిదాకా కొలత తప్పకుండా ఈ కెమెరాలో ఉంటుంది. అప్పుడు ఇంజినీరు కూడా ఏ ప్రశ్నా అడగడు.

“సరిపోయిందేటే?” స్టూలు మీద నుంచి శ్రీదేవి అరిచింది.

కుమారి ఫోనులో గళ్లని ఇంకోసారి చూసుకుంది.

“సరిపోయిందక్కా,” అంది. “కట్టీ.”